153 పౌండ్ల రికార్డు: డెస్పరేట్ బైసికిల్స్ పాటలు విన్నవారు ఎవరైనా ఉన్నారా?

సైకిల్ బెల్లు

ఈ వేదికలో ఘంటసాల ప్రైవేటు పాటల రికార్డుల గురించి, సన్నాయి గురించి, పాత రేడియోల గురించి ఎన్నో చర్చలు చదివాను. ఎనిమిదేళ్లుగా మనసులో పెట్టుకున్న ఒక ఇష్టాన్ని నేనూ ఇక్కడ చెప్పుకోవాలనుకుంటున్నాను. నా స్నేహితుల్లో ఈ పాటలు విన్నవారు ఒక్కరూ లేరు.

1977 మార్చిలో లండన్‌లో డెస్పరేట్ బైసికిల్స్ అనే పంక్ బృందం ఏర్పడింది. పంక్ అంటే ఆ రోజుల్లో వచ్చిన కరకు, సాదా రాక్ సంగీతం. మామూలుగా ఒక బృందం కొన్నేళ్లు కచేరీలు చేస్తుంది, కంపెనీవారి కంట పడుతుంది, ఒప్పందం మీద సంతకం పెడుతుంది, ఆ తరువాత రికార్డు వస్తుంది. వీరు ఆ మెట్లేవీ ఎక్కలేదు. రికార్డు చేయడం కోసమే కూడారు. డాల్‌స్టన్‌లో ఒక స్టూడియోను మూడు గంటలకు మాట్లాడుకున్నారు. కాస్త సాధన, బోలెడంత ధైర్యం పెట్టి రెండు పాటలు పాడారు. ‘రీఫిల్’ అని సొంత లేబుల్‌కు, అంటే రికార్డు కంపెనీకి, పేరు పెట్టుకుని 500 ప్రతులు వేయించారు. పాటల పేర్లు ‘స్మోక్‌స్క్రీన్’, ‘హ్యాండిల్‌బార్స్’. మొత్తం ఖర్చు 153 పౌండ్లు. ఆ లెక్కను వారే తమ రెండో రికార్డు అట్ట మీద అచ్చు వేసి అందరికీ చెప్పారు.

నేను చదువు కోసం లండన్ వచ్చిన కొత్తలో హ్యాక్నీలో ఒక పెద్దాయన ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారం పొద్దున గోడ అవతలి నుంచి సన్నని ఆర్గాన్ మోత వినిపించేది. దాని మీద ఒకాయన పాడుతున్నాడో మాట్లాడుతున్నాడో తెలియని గొంతు. రెండు పాటలు అయిపోయాక కాసేపు నిశ్శబ్దం, మళ్లీ అవే రెండు పాటలు. మూడో ఆదివారం తలుపు తట్టి అడిగాను. ఆయన టీ పెట్టి, ఆ చిన్న రికార్డును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. ఆ రోజు నుంచి దీని మీద నా ఇష్టం తగ్గలేదు. ఇల్లు మారాను, ఉద్యోగాలు మారాను, మనసు బాగాలేనప్పుడు మాత్రం ఈ రెండు పాటలే పెట్టుకుంటాను.

ఇక్కడ ఎవరైనా విన్నారా?

పాత ముల్లు

విన్నాను బాబూ. విశాఖలో కూర్చుని, 1980ల చివర్లో. ఓడ మీద పనిచేసే మా బావమరిది లివర్‌పూల్ నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. ఎవరో కాపీ చేసిన క్యాసెట్, దాని మీద పేర్లు కూడా సరిగా లేవు. ఇరవై పాటల మధ్యలో ఇదొకటి. మిగతావన్నీ గిటార్ల గర్జన. ఇది మాత్రం చవితి పందిట్లో పిల్లలు ఆర్గాన్ వాయించినట్టు ఉంది. అదే నన్ను పట్టేసింది.

మీ పెద్దాయన ఒకసారి విన్నాక మళ్లీ అవే రెండు పాటలు వినడానికి కారణం ఉంది. ఆయన ముల్లు వెనక్కి పెట్టి ఉండరు, రికార్డు తిరగేసి ఉంటారు. ఆ రికార్డుకు రెండు వైపులా అవే రెండు పాటలు!

కొత్తచెవి

రెండు వైపులా అవే పాటలా? ఎందుకలా?

పాత ముల్లు

డబ్బు. రికార్డు అచ్చుకు వెళ్లే ముందు లక్క పూసిన పళ్లెం మీద గాడి కోయాలి. దాని మీద లోహం పూత పెంచి, ఆ లోహాన్ని ఊడదీసి, దాని నుంచి అచ్చు తయారుచేస్తారు. కరిగిన వినైల్ ముద్దను రెండు అచ్చుల మధ్య పెట్టి వత్తితే రికార్డు వస్తుంది, మన ఇళ్లలో కజ్జికాయల చెక్క మూసినట్టు. రెండు వైపులా వేర్వేరు పాటలుంటే గాడి కోత రెండుసార్లు. రెండు పాటలనూ ఒకే వైపు సర్ది, అదే కోతను రెండో వైపుకూ వాడుకుంటే ఆ ఖర్చు ఒకసారితో పోతుంది. 7 అంగుళాల రికార్డులో ఒక వైపు రెండు చిన్న పాటలు సరిపోతాయి. 1977లో పౌండు మన డబ్బులో సుమారు 15 రూపాయలు. అంటే ఈ బృందం ఒక రికార్డును రమారమి 2,300 రూపాయలతో లోకం మీదికి వదిలింది. స్టూడియో అద్దె, కోత, అచ్చు అన్నీ అందులోనే.

నాకు ఈ పొదుపు చాలా ముద్దుగా అనిపిస్తుంది. కొన్నవాడికి నష్టం లేదు. ఒక వైపు అరిగిపోతే ఇంకో వైపు ఉంది.

మూడు తీగలు

నేను హైదరాబాద్‌లో బేస్ గిటారు వాయిస్తాను. మీ మాటలు చదివి నిన్న రాత్రి రెండు పాటలూ మూడుసార్లు విన్నాను. నా అభిప్రాయం నొప్పిస్తే మన్నించాలి. మీరందరూ ప్రేమిస్తున్నది పాటనా, పాట వెనుక కథనా? 153 పౌండ్లు, మూడు గంటలు, రెండు వైపులా ఒకే పాట: ఇవన్నీ మంచి కథలు. వాటిని పక్కన పెట్టి చెవితో మాత్రమే వింటే, డ్రమ్ము పలచగా ఉంది, గొంతు శ్రుతి అంచున నడుస్తోంది, ఆర్గాన్ ఒకే చోట తిరుగుతోంది. కథ తెలియనివాడికి ఈ పాట నచ్చుతుందా?

సైకిల్ బెల్లు

న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఒక్కటే: గోడ అవతలి నుంచి విన్నప్పుడు నాకు ఏ కథా తెలియదు. బృందం పేరు తెలియదు, సంవత్సరం తెలియదు. పంక్ అన్న మాటకు అర్థం కూడా సరిగా తెలియదు. రంగు జుట్టు, పిన్నీసులు అనుకునేదాన్ని. అయినా చేతిలో ఉన్న పని ఆపి విన్నాను.

ఎందుకో చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆ పాటలో ఎవరూ ఎవరినీ మెప్పించడానికి వాయించడం లేదు. ఆర్గాన్ ఒకే చోట తిరుగుతోందని మీరన్నారు. అవును, వీధిలో కొత్తగా సైకిలు నేర్చుకున్న పిల్లవాడు అదే వీధిలో ఎన్ని చుట్లు కొడతాడు? వాడికి ఎక్కడికో వెళ్లాలని ఉండదు. పడకుండా నిలబడినందుకు సంతోషం. ఆ సంతోషం ఆ ఆర్గాన్‌లో వినిపిస్తుంది నాకు. ‘హ్యాండిల్‌బార్స్’ చివర గాయకుడు ఉన్నట్టుండి కేకేస్తాడు: ఇది తేలిక, ఇది చవక, వెళ్లి మీరూ చేయండి అని. ఆ కేకలో గొప్పలు లేవు. చెరువులోకి ముందు దూకినవాడు గట్టు మీదివాళ్లను పిలిచే కేక అది.

కొత్తచెవి

నేనూ విన్నాను. ఆ కేక దగ్గర నవ్వు వచ్చింది, రెండోసారి విన్నప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. సొంతంగా రికార్డు వేసుకున్న మొదటి పంక్ బృందం వీరేనా?

పాత ముల్లు

కాదు. మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ బృందంవారు అదే ఏడాది జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే రికార్డును సొంత లేబుల్ మీద తెచ్చారు. ఆ లేబుల్ పేరు న్యూ హార్మోన్స్. అప్పు చేసి పెట్టుబడి తెచ్చుకున్నారు. మొదట వేసినవి వెయ్యి ప్రతులు, తరువాత వేలల్లో అమ్ముడయ్యాయి. ప్రతి పాటనూ ఎన్నోసారి వాయించినప్పుడు ఖాయం చేశారో కూడా అట్ట మీద రాశారు. రికార్డు తయారీ మీద ఉన్న తెర తీసింది ముందుగా వారే.

అయితే తేడా ఉంది. బజ్‌కాక్స్ అప్పటికే వేదికల మీద పేరున్నవారు. వారి రికార్డును మార్టిన్ హానెట్ నిర్మించాడు. ఆయన తరువాత జాయ్ డివిజన్ అనే బృందం రికార్డులతో ఎంత ప్రసిద్ధుడయ్యాడో తెలిసిందే. ‘స్పైరల్ స్క్రాచ్’ వింటే ‘వీళ్లు భలే వాయిస్తారు’ అనిపిస్తుంది. డెస్పరేట్ బైసికిల్స్ వింటే ‘నేనూ వాయించగలను’ అనిపిస్తుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం. ఈ మాట మీద నాతో వాదించేవారు విశాఖ రావాలి, భోజనం పెట్టి మరీ వాదిస్తాను.

నీలిసిరా

పేరు గురించి ఒక మాట. డెస్పరేట్ బైసికిల్స్ అనే పేరును తెలుగులో ఎలా చెప్పాలి? దిక్కుతోచని సైకిళ్లు? గత్యంతరం లేని సైకిళ్లు? నాకు ‘తెగించిన సైకిళ్లు’ నచ్చింది. జె.బి. ప్రీస్ట్లీ నవల ‘ఏంజెల్ పేవ్‌మెంట్’లోని ఒక వాక్యం నుంచి ఆ పేరు వచ్చింది. ఆ నవల కూడా లండన్‌లోని చిన్న గుమాస్తాల జీవితాల గురించే.

‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అని మన సామెత. ఈ బృందానికి ఇంతకంటే సరిపోయే మాట నాకు దొరకలేదు. గుడి లేదు, పూజారి లేడు, చేతిలో ఉన్న తెడ్డునే నిలబెట్టి దండం పెట్టారు.

ఇంకో మాట కూడా. వీరిని విన్నప్పుడల్లా నాకు దిగంబర కవులు గుర్తుకొస్తారు. 1965లో తొలి సంపుటాన్ని హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పెద్దల అనుమతి కోసం ఎదురుచూడకపోవడంలో ఇద్దరిదీ ఒకే తోవ కదా?

పాత ముల్లు

నీలిసిరా గారూ, సామెత అద్భుతం. దిగంబర కవులతో పోలిక దగ్గర మాత్రం ఆగుతాను. వారిది మంట. సమాజాన్ని దులిపేయాలన్న ఆగ్రహం. ఈ సైకిళ్లది ఆట. మన దగ్గర దీనికి చుట్టం వెతకాలంటే హైస్కూలు పిల్లల లిఖిత పత్రికలో వెతకాలి. మేము తొమ్మిదో తరగతిలో ఒకటి నడిపాం. ఒకే ప్రతి, చేతిరాత, నేను వేసిన బొమ్మలు, పక్కింటి అక్క రాసిన సీరియల్. ఆ ఒక్క ప్రతి ఊరంతా తిరిగేది. నాలుగో సంచికకు సైక్లోస్టైల్ యంత్రం దొరికింది, ముప్ఫై కాపీలు తీశాం. చేతులకు అంటిన ఆ సిరా వాసన ఇప్పటికీ గుర్తుంది. ఈ బృందం రెండో రికార్డు ‘ద మీడియం వాజ్ టీడియం’లో తమ సంగీతాన్ని జిరాక్స్ సంగీతం అని చెప్పుకుంటారు. ఆ మాట వినగానే నాకు మా సైక్లోస్టైల్ గది కళ్ల ముందు నిలిచింది.

నీలిసిరా

ఒప్పుకుంటున్నాను. ఆగ్రహానికీ ఆటకీ తేడా ఉంది. లిఖిత పత్రికే సరైన పోలిక.

ఈస్ట్‌హామ్ పిన్ని

నేను ఇక్కడ ఎక్కువగా వంటల చర్చల్లోనే రాస్తాను. ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయాను. మీరందరూ ఇది ఆట అంటున్నారు. ఆ రెండో రికార్డులో రెండో పాట పేరు చూశారా? ‘డోంట్ బ్యాక్ ద ఫ్రంట్’. ఫ్రంట్ అంటే నేషనల్ ఫ్రంట్.

నేను పెళ్లయి 1975లో లండన్ వచ్చాను. బస్టాపు గోడల మీద ఆ రెండు అక్షరాలు, ఎన్, ఎఫ్, సున్నంతో రాసి ఉండేవి. సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరాలని మా ఆయన అనేవారు. నల్లవారిని, మనలాంటివారిని ఈ దేశం నుంచి పంపేయాలన్నది ఆ పార్టీ నినాదం. 1977 ఆగస్టు 13న వారు న్యూ క్రాస్ నుంచి లూయిషామ్ వైపు ఊరేగింపు తీస్తే వేలమంది ఎదురు నిలిచారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా జాత్యహంకారానికి వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు జరిగింది. పార్కులో క్లాష్, ఎక్స్-రే స్పెక్స్, స్టీల్ పల్స్ అనే బృందాలు వాయించాయి. నాలుగు రోజులు గడిచాయో లేదో, మే 4న వైట్‌చాపెల్ దగ్గర ఆల్తాబ్ అలీ అనే బెంగాలీ దర్జీ కార్మికుణ్ని పని నుంచి ఇంటికి వెళ్తుండగా పొడిచి చంపారు. ఇప్పుడు అక్కడి పార్కుకు ఆయన పేరే ఉంది. అటు వెళ్లినప్పుడల్లా ఒక నిమిషం నిలబడతాను.

ఆ రోజుల్లో నాకు ఈ బృందం తెలియదు. మా అబ్బాయి వినిపిస్తే నాలుగేళ్ల కిందట తెలిసింది. బ్యాక్ అంటే వెనుక, ఫ్రంట్ అంటే ముందు. బ్యాక్ చేయడం అంటే వత్తాసు పలకడం కూడా. చిన్నపిల్లల మాటల ఆటలా పెట్టారు ఆ పేరు. కానీ 1977లో ఒక తెల్ల కుర్రాడు ఆ మాటను పాట పేరుగా పెట్టి రికార్డు మీద అచ్చు వేయించాడంటే, చీకటి పడకముందే ఇంటికి పరుగెత్తిన నాకు అది చిన్న విషయం కాదు. ఆ పాట వింటూ ఏడ్చాను. హుషారైన పాటే, అయినా ఏడ్చాను.

సైకిల్ బెల్లు

పిన్నిగారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎనిమిదేళ్లుగా వింటున్నాను, ఆ పాటను ఇలా ఎన్నడూ వినలేదు. ఆ గోడల పక్క నుంచే నేనూ రోజూ నడిచి వెళ్తాను.

కొత్తచెవి

ఆట అంటే తేలిక అనుకున్నాను. పిన్నిగారు చెప్పాక మళ్లీ వింటున్నాను.

మూడు తీగలు

పిన్నిగారికి నమస్కారం. నా మొదటి మాటను కొంత సరిచేసుకుంటాను. అయినా పూర్తిగా వదలను. మనసును తాకడం వేరు, వాయిద్యం కుదరడం వేరు. వీరి ప్రభావంతో వచ్చిన వాటిలో నాకు ఎక్కువ నచ్చేది స్క్రిట్టి పోలిట్టి అనే బృందం 1978 రికార్డు ‘స్కాంక్ బ్లాక్ బొలోన్యా’. వారు స్టూడియో ఖర్చు ఎంత, అచ్చు ఖర్చు ఎంత, లేబుళ్ల ఖర్చు ఎంత అని పద్దులవారీగా అట్ట మీద రాసేశారు, కిరాణా చీటీలాగా. ఆ పాట బేస్ నడక మాత్రం పట్టిందంటే వదలదు. అదే సమయంలో టెలివిజన్ పర్సనాలిటీస్ అనే బృందం పాట ‘పార్ట్ టైమ్ పంక్స్’ కూడా ఉంది. బీబీసీ రేడియోలో పాటలు వేసే జాన్ పీల్ దాన్ని ఇష్టపడి ప్రసారం చేశాడు. అల్లరి కావాలంటే అందులో ఇంకా ఎక్కువ ఉంది.

పాత ముల్లు

నువ్వు చెప్పినవన్నీ వీరి తరువాతివే కదా నాయనా. స్క్రిట్టి పోలిట్టి ఆ చీటీ రాసింది ఈ 153 పౌండ్ల లెక్క చూశాకే.

మూడు తీగలు

అది నిజమే. ముందు వచ్చినవారికి ఆ గౌరవం ఇస్తాను. అయితే ఒక విషయం చెప్పాలి. నిన్న రాత్రి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో నిలిచి ఉండగా ‘స్మోక్‌స్క్రీన్’ ఆర్గాన్ వరుస నా నోట్లో ఆడుతోంది. ఎప్పుడు ఎక్కిందో తెలియదు.

సైకిల్ బెల్లు

అదే! కథ తెలియకుండా నాకు జరిగింది కూడా అదే.

ఈస్ట్‌హామ్ పిన్ని

మూడు తీగలు బాబూ, నువ్వు ఎంతకాలంగా వాయిస్తున్నావు? నీ పాటలు ఎక్కడ దొరుకుతాయి?

మూడు తీగలు

పదకొండేళ్లు అండీ. మా నలుగురికీ సొంత పాటలు ఆరు ఉన్నాయి. ఇంకా రికార్డు చేయలేదు. మంచి మైకు కొనాలి, గది గోడలకు నురుగు పలకలు వేయాలి, డ్రమ్ము వాయించే మిత్రుడు వరంగల్ నుంచి రావాలి. రెండేళ్ల కిందట ఒక స్టూడియోలో బయానా కట్టాం, శ్రుతి కుదరలేదని వచ్చేశాం.

ఈస్ట్‌హామ్ పిన్ని

ఆ రెండో రికార్డు అట్ట వెనుక ఏం రాశారో మా అబ్బాయి చదివి వినిపించాడు. మీరు మీ రికార్డు ఇంకా ఎందుకు చేయలేదో మాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది అని రాశారట. నేను వేరే ఏమీ అనను నాయనా. అదే ప్రశ్న నేనూ అడుగుతున్నాను.

మూడు తీగలు

మా చెల్లెలి పెళ్లి మాఘమాసంలో అండీ. అది అయిపోయాక ఒక ఆదివారం మూడు గంటలు పెట్టుకుందామని ఇప్పుడే మావాళ్లకు సందేశం పంపాను. ఇద్దరు సరే అన్నారు. వరంగల్ మిత్రుడు ఇంకా చూడలేదు.

పాత ముల్లు

రెండు వైపులా అవే పాటలు వేయండి! సైకిల్ బెల్లు గారూ, మీకొక ప్రశ్న. ఆ పెద్దాయన రికార్డును ఏ వైపు ఎక్కువగా వేసేవారు? రికార్డు మధ్యలో అంటించిన లేబుల్ కాగితం మీద గుర్తు ఏదైనా ఉందా? ముల్లు ఏ వైపు ఎక్కువ తిరిగిందో గాడి చెబుతుంది. నాకు ఇలాంటివి తెలుసుకోవాలని ఉంటుంది.

సైకిల్ బెల్లు

మీరు అడిగాక శనివారం ఆయన ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఆయనకు మెట్లు ఎక్కడం కష్టం, రికార్డు ప్లేయరు కింది గదిలోకి వచ్చింది. గుర్తు ఉంది. ఒక వైపు లేబుల్ అంచున పెన్సిలుతో సన్నని గీత. ఆ గీత ఉన్న వైపే స్నేహితులు వచ్చినప్పుడు, ఇంట్లో పార్టీలప్పుడు, ఒంటరి ఆదివారాల్లో వేసేవాడట. దాని మీద ఇప్పుడు పాట కంటే చిటపటలే ఎక్కువ. మరి నేను గోడ అవతలి నుంచి విన్న రెండో సారి ఏమిటని అడిగాను. తిరగేసేది కాదట, ముల్లును మళ్లీ మొదటికే పెట్టేవాడట. పాత ముల్లు గారూ, ఇక్కడ మాత్రం మీ ఊహ తప్పింది.

గీత లేని వైపు కొన్న రోజున ఒకసారి వేశాడు. వాళ్ల అమ్మాయి పుట్టిన రోజున ఒకసారి. అంతే. మీ ప్రశ్న గురించి చెప్పాను, విశాఖ నుంచి ఒకాయన అడుగుతున్నాడని. విశాఖ ఎక్కడుందని అడిగి, అక్కడ సముద్రం ఉందంటే తల ఊపాడు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత రికార్డు తిరగేసి, గీత లేని వైపు పైకి పెట్టి, ముల్లు నన్నే దించమన్నాడు.

చిటపటలు లేవు. ఆర్గాన్ అదే గదిలో ఎవరో కూర్చుని వాయిస్తున్నంత దగ్గరగా వచ్చింది. బేస్ తీగ మీద వేలు కదలడం వినిపించింది, ఎనిమిదేళ్లలో నేను మొదటిసారి వినడం. ‘హ్యాండిల్‌బార్స్’ చివర ఆ కేక దగ్గర ఆయన కూడా గొంతు కలిపాడు. ఆగిపోయాక నేను ముల్లు ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఇంకోసారి అన్నాడు.